‘నరం’ అనే ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు అంగాలు

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో మీ పత్రిక జిల్లా పేజీలో ఒక రైతు ‘మెదడులో నరం చిట్లి’ మరణించాడన్న వార్త చదివాను. అదే వారం ఆరోగ్య పేజీలో ‘గుండె నరాలు పూడుకుపోతే’ ఎలాంటి ఆహారం తీసుకోవాలో చెప్పే వ్యాసం, దాని కిందనే ‘మెడ నరాలు పట్టేస్తే’ ఏం చేయాలో చెప్పే చిన్న బాక్సు వచ్చాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిలోనూ నరం ప్రసక్తి లేదు. మెదడులో చిట్లినదీ, గుండెలో పూడుకుపోయేదీ రక్తనాళాలు. మెడలో పట్టేసేది చాలావరకు కండరం. విజయనగరం జిల్లా ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఈ ఒక్క మాటలోని గందరగోళం మా ఇంట్లో ఎంత నష్టం చేసిందో కళ్లారా చూసినవాణ్ణి కూడా కనుక, కొంత పొడవైనా ఈ లేఖను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

పాఠకులెవరైనా ఇప్పుడే ముంజేయి చాచి చూసుకోవచ్చు. చర్మం కింద నీలంగా, పచ్చగా పాకినట్టు కనిపించే గీతలు సిరలు. శరీరం వాడుకున్న రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళాలు అవి. ఆసుపత్రిలో సూది పట్టుకుని ‘నరం దొరకడం లేదు’ అనేది వీటి గురించే. బొటనవేలినీ చిటికెన వేలినీ ఒకదానికొకటి ఆనించి మణికట్టును కొంచెం లోపలికి వంచితే నడిమధ్య తాడులా లేచేది స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పీచు తాడు. కొందరికి ఆ ఒక్క తాడు పుట్టుకతోనే ఉండదు, దానివల్ల చేతి పనికి చెప్పుకోదగ్గ లోటూ రాదు. ఇక మోచేతి లోపలి వైపు, ఎముక బొడిపె వెనుక ఉన్న గాడిలో వేలు పెట్టి మెల్లగా అటూ ఇటూ జరిపితే చిటికెన వేలి దాకా జివ్వుమని పాకుతుంది. గుమ్మానికి మోచేయి తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టయ్యేది అక్కడే. ఆ గాడిలో వేలికింద జారే తీగ నరం. దాని పని రక్తాన్ని పారించడమూ కాదు, ఎముకను లాగడమూ కాదు, కబురు మోయడం.

ఈ మూడింటినీ ఒకే మాటతో పిలవడం తెలుగువారు ఒక్కరే చేసిన పొరపాటు కాదు. గ్రీకు భాషలో ‘న్యూరాన్’ అన్న మాటకు మొదటి అర్థం స్నాయువు, వింటినారి. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో మనిషి దేహాన్ని కోసి పరిశీలించిన హెరోఫిలస్ అనే వైద్యుడు నరాలను రక్తనాళాల నుంచీ స్నాయువుల నుంచీ విడదీసి, వాటి మూలం మెదడులో, వెన్నుపాములో ఉందని చెప్పాడు. క్రీస్తు శకం 2వ శతాబ్దంలో గేలెన్ అనే వైద్యుడు రోము నగరంలో జనం ఎదుట, గట్టిగా అరుస్తున్న పంది గొంతులోని సన్నని నరాలను బిగించి చూపాడు. పంది ఊపిరి తీస్తూనే ఉంది, గింజుకుంటూనే ఉంది, అరుపు మాత్రం ఆగిపోయింది. మన పాఠ్యపుస్తకాలు నరాన్ని ‘నాడి’ అన్నాయి. అయితే మన పల్లెల్లో నాడి చూడటమంటే మణికట్టు దగ్గర ధమని, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే నాళం, కొట్టుకోవడాన్ని చూడటమే కనుక ఆ మాట కూడా తిరిగి రక్తనాళం మీదికే పోయింది. జనం నోట నలిగిన ‘నరం’ అన్న మాటనే నరానికి ఉంచి, దానిని మిగిలిన రెండింటి మీద నుంచి తొలగించడం మేలని నా అభిప్రాయం.

ఇక మా ఇంటి సంగతి. నాలుగేళ్ల కిందట, రాజాం దగ్గరి పల్లెలో ఉంటున్న మా బావగారు తెల్లవారుజామున లేచి నీళ్ల చెంబు అందుకోబోతే అది చేతిలోంచి జారిపోయింది. కుడి చేయి లేవలేదు, మూతి ఒక పక్కకు లాగింది, మాట ముద్దగా వచ్చింది. కబురు విని వచ్చిన ఊరి పెద్దాయన చేయి పట్టి చూసి, ‘నరం మీద నరం ఎక్కీసినాది, ఆముదం రాసి కాపడం ఎట్టండి, సదురుకుంటాది’ అన్నారు. ఆయనను నేను తప్పుపట్టను. బెణుకులూ పట్లూ అలాగే ఎన్నో నయం చేసిన మనిషి. పొద్దెక్కేవరకు ఆముదం రాశారు. ఆ తర్వాత పక్క ఊరికి తీసుకుపోయి ‘నరాలకు బలం’ అని ఒక సూది వేయించారు. నాకు ఫోను వచ్చేసరికి పదకొండు దాటింది. విశాఖపట్నం చేర్చి తలకు సీటీ స్కాన్ తీయించేసరికి మధ్యాహ్నం మూడు. మెదడు ఎడమ భాగానికి రక్తం అందించే ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చిందని తేలింది. ఆ గడ్డను కరిగించే సూదిమందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు, అదీ మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో నిర్ధారించుకున్న తరువాతనే ఇస్తారు. ఆ నాలుగున్నర గంటలూ ఆముదం గిన్నె దగ్గర, సూది మందు దగ్గర గడిచిపోయాయి.

ఆ ఉదయం తండ్రి చేతికి ఆముదం రాసినవారిలో మా మేనకోడలు కూడా ఉంది. పదో తరగతి నా దగ్గరే చదివింది. కబుర్లు మోసే నాడీకణం బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే గీత తప్పకుండా గీసిన పిల్ల. ఆ బొమ్మకూ ఎదుట వేలాడుతున్న చేతికీ సంబంధం ఉందని ఆమెకు తోచకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. బడిలో ‘నాడి’ అని విన్నది, ఇంట్లో ‘నరం’ అని విన్నది, పత్రికలో రక్తనాళాన్ని కూడా ‘నరం’ అనే చదివింది.

నిజానికి ఆ ఉదయం బావగారి చేతిలోని నరాలకు ఏమీ కాలేదు. నరాలు, కండరాలు, స్నాయువులు అన్నీ క్షేమంగానే ఉన్నాయి. దెబ్బ తిన్నది తల లోపల. దానిని వివరించాలంటే మెదడు దగ్గర కొంచెం ఆగాలి.

పిల్లలకు చూపించడానికి నేను బొబ్బిలి బజారులో మేక తలకాయ కొట్టించి, మెదడును చెదరకుండా తీయించి, ఉప్పునీళ్లలో వేసి బడికి తెచ్చేవాణ్ణి. పళ్లెంలో పెడితే అది గట్టిపడని జున్నులా వణికేది. పైన అంటుకున్న పలుచని పొర మీద ఎర్రని సన్న నాళాలు అల్లుకుని ఉండేవి. చిమటాతో ఆ పొరను లాగినప్పుడు నాళాలు మడతల లోతుల్లోంచి వేళ్లలా ఊడి వచ్చేవి. చాకుతో అడ్డంగా కోస్తే అంచు వెంట బూడిదరంగు పట్టీ, లోపల మీగడ తెలుపు కనిపించేవి. బూడిదరంగు నాడీకణాల దేహాలు గుమిగూడిన చోటు. తెలుపు ఆ కణాల తోకలు కట్టలు కట్టలుగా సాగిపోయే దారి. వెన్నుపాము తుంపును పక్కన పెట్టి కోస్తే ఇదే వరస తిరగబడి, తెలుపు పైనా బూడిద లోపలా ఉండేది. మాంసం తినని ఇళ్ల పిల్లలు కూడా ఆ పూట ముక్కు మూసుకుని మరీ ముందుకు వచ్చి చూసేవారు.

మనిషి మెదడు 1,300 నుంచి 1,400 గ్రాముల బరువుంటుంది. శరీర బరువులో ఇది దాదాపు 2 శాతమే అయినా, మనం కదలకుండా కూర్చున్నప్పుడు కూడా శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు ఐదో వంతు దానికే పోతుంది. కండరానికి ఉన్నట్టు దానికి చెప్పుకోదగ్గ నిల్వ లేదు, ఏ పూటకు ఆ పూట రక్తం తెచ్చి పోయవలసిందే. అందులోని నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. వీటిలో దాదాపు 6,900 కోట్లు తల వెనుక, అడుగున ఉన్న అనుమస్తిష్కంలోనే కిక్కిరిసి ఉంటాయి, ఆలోచనకూ కదలికకూ ఆజ్ఞలిచ్చే మస్తిష్కం పై పట్టీలో ఉన్నవి సుమారు 1,600 కోట్లు. పెద్ద ధమని పూడుకుపోయిన పక్షవాతంలో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో లెక్క కట్టారు. ఆముదం వేడి చేసే పది నిమిషాలలో దాదాపు రెండు కోట్లు.

ఒక్కొక్క నాడీకణంలో కేంద్రకం ఉన్న కణదేహం, దాని చుట్టూ కొమ్మల్లా విచ్చుకుని కబుర్లు అందుకునే డెండ్రైట్లు, కబురును ముందుకు పంపే ఒకే ఒక్క తోక ఉంటాయి. ఆ తోకే ఏక్సాన్, పుస్తకాలలో తంత్రికాక్షం. తంత్రి అంటే వీణ తీగ కనుక బొబ్బిలి పిల్లలకు ఆ మాట తొందరగా పట్టుబడేది. నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న ఒక కణం తన తోకను పాదం దాకా, ఇంచుమించు ఒక మీటరు, పంపుతుంది. ఆ కణదేహాన్ని ఉద్దానం కొబ్బరికాయంత పెంచి చూడగలిగితే తోక చేంతాడంత లావుతో ఒకటిన్నర కిలోమీటరుకు పైగా సాగుతుంది. అంటే మన కాలిలో ఉన్నది కణం తోక మాత్రమే, కణం ప్రాణమంతా వెన్నుపాములో ఉంది. ఇలాంటి వేల తోకల కట్టే నరం. గోగునార పోగులను పేనినట్టు, ఒక్కొక్క పోగుకు ఒక పలుచని పొర, కొన్ని పోగుల కట్టకు మరొక పొర, అన్ని కట్టలకూ కలిపి పైన గట్టి తొడుగు ఉంటాయి. తుంటి నుంచి కాలికి దిగే నరం మొదట్లో బొటనవేలంత వెడల్పు ఉంటుంది. మెదడు నుంచి నేరుగా 12 జతలు, వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయలుదేరి ఒళ్లంతా పాకుతాయి.

నాడీకణాల మధ్య వాటిని పోషించే గ్లియల్ కణాలు ఉన్నాయి. ఇవి నాడీకణాలకు పది రెట్లని ఒకప్పుడు మేమే పాఠం చెప్పాం. ఇప్పుడు రెండూ ఇంచుమించు సమానమని తేలింది. వీటిలో ష్వాన్ కణాలు నరంలోని తోకల చుట్టూ పొర మీద పొరగా చుట్టుకుని మయలిన్ అనే కొవ్వు తొడుగును ఏర్పరుస్తాయి. మెదడులోనూ వెన్నుపాములోనూ అదే పనిని ఆలిగోడెండ్రోసైట్లు చేస్తాయి, మేక మెదడు లోపలి తెలుపు వాటి చలవే. తొడుగు మధ్య మధ్య తెగి ఉంటుంది; కబురు ఆ కణుపు నుంచి ఈ కణుపుకు గెంతుతూ పోతుంది. మందమైన తొడుగున్న తోకలలో అది సెకనుకు 120 మీటర్ల వరకు పరుగెత్తగలదు, తొడుగు లేని వాటిలో సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ. కాలి బొటనవేలు రాయికి కొట్టుకున్నప్పుడు దెబ్బ తగిలిందని ముందు తెలిసి, సలుపు ఒక క్షణం ఆగి రావడం అందుకే. పోయేది తీగలో పారే కరెంటు లాంటిది కాదు. కణం లోపల వెలుపలి కన్నా 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉండే విద్యుత్తు, పొర మీది తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి దూకినప్పుడు ఒక్కసారి తారుమారై, పక్క చోటును తట్టి లేపుతుంది. మళ్లీ ఆ పక్క చోటు, దాని పక్క చోటు.

కుడి చేయి ఎత్తాలన్న ఆజ్ఞ పోవడానికి ముఖ్యంగా రెండు కణాల బాట ఉంది. మొదటిది మస్తిష్కం ఎడమ భాగంలో పుట్టి, మెదడు వెన్నుపాముతో కలిసే మజ్జాముఖం అడుగున కుడి పక్కకు దాటి వెన్నుపాములోకి దిగుతుంది. రెండోది వెన్నుపాములో పుట్టి చేతి కండరానికి పోతుంది. మా బావగారికి నశించింది మొదటిది. మనం ఆముదం రాసింది రెండోదాని తోక ఉన్న చోట.

నెలన్నర తరువాత వైద్యులు ఆయన మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో తట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మంచి కాలు కొద్దిగా కదిలింది. పడిపోయిన పక్క కాలు విసురుగా ఎగిరింది. మా అక్క కళ్లనీళ్లు పెట్టుకుని ‘నరానికి బలమొచ్చీసినాది తమ్ముడూ’ అంది. ఆమెకు ఆ పూట నేనేమీ చెప్పలేకపోయాను. సుత్తి తగిలింది స్నాయువుకు. స్నాయువు తొడ కండరాన్ని లాగింది, లాగుడును పసిగట్టిన జ్ఞాన నాడీకణం వెన్నుపాముకు కబురు పంపింది, అక్కడ ఒకే ఒక్క సంధి దాటి, కదలికకు ఆజ్ఞనిచ్చే ‘చాలక’ నాడీకణం అదే కండరాన్ని బిగించింది. ప్రతీకార చర్య అని పదో తరగతిలో చెప్పేది ఇదే. మెదడు ఆజ్ఞ కోసం ఇది ఆగదు. మామూలుగా మెదడు పై నుంచి దీనిని అదుపులో ఉంచుతుంది, ఆ అదుపు తెగిపోయింది కనుకనే కాలు అంతగా ఎగిరింది.

రెండు కణాలు కలిసే ఆ సంధి, అంటే సైనాప్స్, గురించి కూడా రెండు మాటలు. ఇటలీకి చెందిన కమిలో గాల్జీ 1873లో వెండి లవణంతో నాడీకణాలకు నల్లరంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. అదే పద్ధతితో స్పెయిన్‌కు చెందిన రమోన్ ఇ కహాల్ 1888 నుంచి చేసిన పరిశీలనల్లో, నాడీకణాలు వలలా ఒకదానితో ఒకటి అతుక్కుని లేవని, ఒక్కొక్కటీ విడిగా ఉందని చూపాడు. ఇద్దరికీ 1906లో నోబెల్ బహుమతి కలిపి ఇచ్చినా, గాల్జీ చివరి వరకు వల అనే వాదించాడు. కణానికీ కణానికీ మధ్య మిల్లీమీటరులో యాభై వేల వంతు ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని రసాయనం దాటుతుందని 1921లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో నిరూపించాడు. మొదటి గుండె నరాన్ని ప్రేరేపించి, అది ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు పోస్తే అదీ నెమ్మదించింది. నరం నుంచి కండరానికి కబురు దాటించే రసాయనం కూడా అదే, ఎసిటైల్‌కోలిన్.

ఇదంతా వరి మళ్లలో దిగే మనకు అక్కరలేని సంగతి అనుకోవద్దు. కట్లపాము విషం దాడి చేసేది సరిగ్గా ఈ ఎడం దగ్గరే, నరం కొసల మీద. రాత్రి నేల మీద పడుకున్నవారిని నొప్పి తెలియకుండా కరుస్తుంది. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, చివరకు ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. ‘విషం నరాల గుండా పైకి ఎక్కుతుంది’ అన్న నమ్మకంతో మనవారు తొడకు తాడు బిగించి కడతారు. విషం ప్రయాణించేది నరాలలో కాదు, శోషరసం అనే తేట ద్రవంలో, రక్తంలో. బిగించిన తాడు కాలిని చంపుతుంది, ఊపిరిని కాపాడదు. కాలు కదపకుండా, విరుగుడు మందూ శ్వాస యంత్రమూ ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. కొసలు దెబ్బతిన్న తరువాత విరుగుడు మందు వాటిని బాగు చేయలేదు. అవి తిరిగి మొలిచేదాకా శ్వాస యంత్రమే దిక్కు.

‘నరాల బలహీనత’ అనే మాట మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. ఆ పేరుతో ఒక జబ్బు లేదు. మధుమేహంలో పొడవైన తోకలే ముందు చెడతాయి కనుక తిమ్మిరి అరికాళ్లలో మొదలవుతుంది. బి12 విటమిన్ లోపిస్తే మయలిన్ తొడుగు చెడుతుంది. కుష్ఠు సూక్ష్మజీవి ష్వాన్ కణాలలోనే కాపురం పెడుతుంది. మోచేతి గాడిలోని ఆ నరమే లావెక్కి, చివరి రెండు వేళ్లు వంగిపోవడం అందుకే. ఇంటింటికీ వచ్చే ఆరోగ్య కార్యకర్తలు మచ్చ మీద స్పర్శ ఉందో లేదో అడిగేది కూడా అందుకే. దేని చికిత్స దానిది. అన్నింటికీ ఒకే బలం సూది వేయించుకుని తిరిగితే అసలు జబ్బు లోపల పెరుగుతుంది. చేతిలో తెగిన నరాన్ని కలిపి కుడితే తోక రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగగలదు. మెదడులో చనిపోయిన కణం తిరిగి రాదు. పక్కనున్నవి దాని పనిని నేర్చుకునేలా వ్యాయామం చేయించడమే మార్గం. మా బావగారు ఇప్పుడు ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటారు. కుడి చేతి వేళ్లతో చెంబు అంచు పట్టుకోగలుగుతున్నారు, ఎత్తలేరు.

కనుక మిమ్మల్ని కోరేది ఇది. ‘మెదడులో నరం చిట్లి’ అని రాసే చోట ‘మెదడులో రక్తనాళం చిట్లి’ అని, ‘గుండె నరాలు’ అనే చోట ‘గుండె రక్తనాళాలు’ అని, ‘కాళ్లలో నరాలు ఉబ్బడం’ అనే చోట ‘సిరలు ఉబ్బడం’ అని రాయండి. పక్షవాతం వార్త వచ్చిన ప్రతిసారీ, మూతి వంకరపోయినా, ఒక పక్క చేయి పడిపోయినా, మాట తడబడినా మెదడుకు రక్తం అందడం లేదని అనుమానించి వెంటనే 108కి ఫోను చేయాలని ఒక వాక్యం చేర్చండి. మా పల్లెలో మీ పత్రిక తెల్లవారుజామున ఐదున్నరకే వస్తుంది. ఆ ఉదయం కూడా వచ్చి అరుగు మీద పడి ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా.